డాల్డా డబ్బ

పేరు అడిగింది.
జాను అన్న.
అది కాదు, ఇంట్లో పిలిచేది అన్నది.
జంగమ్మ. మా నాయనమ్మ పేరు.
"అయితే అదే తెచ్చుకో లోపలికి" అని
ఆరో నెంబరు గది తలుపు తెరిచింది ఎలీషెబ.

రామగిరి హాస్టల్ల నాకు అది మూడో శుక్రవారం.
మర్రిగూడ నుంచి తెచ్చుకున్న అటుకుల సంచి అడుగంటింది.
మెస్సుల ఒక్కదాన్నే తినీ తినీ
నమిలే చప్పుడు నాకే వినపడుతుండె.

ఎలీషెబది కృష్ణ అవతల, గుంటూరు దిక్కు.
"వచ్చానండీ" అంటే మేం పడీపడీ నవ్వేది.
వాళ్ల తాత చెప్పులు కుట్టిన చేత్తోనే
హీబ్రూ అక్షరాలు దిద్దిండట,
కుడి నుంచి ఎడమకు.
"మావీ కుడి నుంచే" అన్నది నుజత్,
గోడ పక్క మంచం మీదికెంచి.

జెండా లేదు. చందా లేదు. ర్యాగింగు లేదు.
ప్రకాశం బజార్ల ఖాజా భాయి భట్టీల
జుమ్మా నమాజు అయినంక కాలిన రొట్టె,
మూడు పాయల జడోలె అల్లింది.
ఎండు ద్రాక్షలు నానేసిన తియ్యటి నీళ్లు ఒక గిలాస.
కరెంటు పోతే పనికొస్తయని దాచిన రెండు కొవ్వొత్తులు
కరెంటు ఉండంగనే ముట్టిచ్చిండ్రు.
ఫోన్లన్నీ దిండు గలీబుల ఏసి ముడేసిండ్రు,
రేపు లతీఫ్ సాబ్ గుట్ట మీద
మూడు చుక్కలు కనపడేదాక.

వార్డెనమ్మ వచ్చింది తలుపుకాడికి.
"ఇది ఏ మతం మీటింగే?"
"అన్నం తినే మీటింగు మేడం. కూర్చోండి."
కూసోలే.
రొట్టె ముక్క మాత్రం కొంగుల సుట్టుకొని పోయింది.

చేరాలంటే ఏం జెయ్యాలె అన్న.
ఒక ప్రశ్న అడగాలె అన్నరు.
ప్రశ్నా!
మా ఇంట్ల ప్రశ్నంటే నోటి మీద దెబ్బ.
బడిల ప్రశ్నంటే బెంచీ మీద నిలబడుడు.
చానాసేపు నాలిక మీద తిప్పి తిప్పి అడిగిన:
"మీ దేవుడు కులం అడుగుతడా?"

కొవ్వొత్తి ఒక గోరు మందం కరిగింది.
"ఆయన అడగడు" అన్నది ఎలీషెబ.
"దారిలో నిలబడ్డవాళ్లు అడుగుతారు.
మమ్మల్నీ అడిగారు."

ప్రతి వారం దీపాల కంటె ముందు డబ్బ తిరుగుతది.
ఎలీషెబ నాయనమ్మ నాటి డాల్డా డబ్బ,
మూతి పెద్దది, లోపల చీకటి.
పిడికిలి మూసి పెట్టాలె. పిడికిలి మూసే తియ్యాలె.
ఏసినవా, తీసినవా,
ఎవ్వరు చూడరు.
అన్నీ అడగమనే ఆ గదిల
అదొక్కటి అడగరు.

ఫ్లోరైడు నీళ్లకు బిగుసుకున్న మోకాళ్లు
నవంబరుల నాయనను కూలికి పోనియ్యలే.
పరీక్ష ఫీజుకు సోమవారం ఆఖరు.
ఆ శుక్రవారం నా పిడికిలి నిండుగ బయటికొచ్చింది.
చిల్లర మోగుతదని
నోట్లే ఏరుకున్న, చీకట్ల తడిమి తడిమి.
తల ఎత్తి చూస్తే
అందరి మొకాలు కిటికీ దిక్కు.
గుట్ట మీద ఎండ ఎంత మిగిలిందో
మస్తు శ్రద్ధగ చూస్తున్నరు.

సెలవులల్ల పత్తి ఏరిన పైసలు
పదులు పదులుగ మళ్ల ఏసిన.
లెక్క తీరిందో, ఎక్కువైందో, రాసుకోలే.

నేను యూదురాలిని కాలే. కమ్మని ఎవ్వరు అనలే.
మా ఎల్లమ్మకు మొక్కుడు ఇడువలే.
కాని ఇప్పుడు, ఎదురుంగ లేని మనిషి మీద
చెప్పబోయిన మాట
పండ్ల నడుమ కొంచెంసేపు ఆగుతది.
ఒక్కోసారి ఆగదు కూడ.

ఈ ఏడు ఎలీషెబ బీయీడీకి పోయింది.
డబ్బ నా మంచం కింద ఉన్నది.
నిన్న దేవరకొండ దిక్కు తండా నుంచి కొత్త పిల్ల, చాంప్లీ,
చెయ్యి లోపల పెట్టి
చానాసేపు తియ్యలే.

గుట్ట మీద ఎండ ఎప్పుడో పోయింది.
అయినా అందరం అటే చూసినం.